రెండూళ్ళు కలిసి ఏరిన కంబళిపురుగులు

మొన్న హిందూపురంలో మా పక్కింటావిడ మనవడికి తలంటడానికి ఆముదం వెచ్చబెట్టింది. ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి రాగానే నా అరచేతులు దురద పెట్టాయి. దాదాపు నలభై ఏళ్ళ కిందటి దురద అది. గోక్కుంటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా ఊరు చిలమత్తూరు పక్కన, సరిగ్గా రాష్ట్రం అంచున ఉండేది. మా చేనిగట్టుకు ఈ పక్క మనది, ఆ పక్క కర్ణాటక. అటువైపు ఊళ్ళోవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు, బడిలో మాత్రం కన్నడం చదివేవాళ్ళు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి హనుమక్క, ఆ ఊరి ఆడపడుచే. తొలకరికి ముందు ఇంటింటా విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగ, వలిచేవాళ్ళు. పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ బొటనవేళ్ళు వాచేదాకా వలుస్తుంటే, మేము పిల్లలం గుప్పెడు గింజలు ఎత్తుకుపోయి, బెల్లంముక్కతో నములుతూ, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చి వలవడానికి కూర్చునేవాళ్ళం.

నేను నాలుగో తరగతి చదివే ఏడు, వరసగా మూడేళ్ళు ఎండిన తర్వాత, మంచి అదునులో వాన పడింది. విత్తనం పడింది, మొలక లేచింది, ఎర్రనేల మీద పచ్చటి సాళ్ళు చూసి మా నాయన పొద్దునా సాయంత్రం ఊరికే చేనికి పోయి నిలబడి వచ్చేవాడు. మూడోవారం కంబళిపురుగు దిగింది. వేలెడు పొడవు, ఒళ్ళంతా ఎర్రటి బొచ్చు, గుంపులు గుంపులుగా నడిచివస్తూ, పొద్దున ఆకున్న చోట సాయంత్రానికి ఈనెలు మిగిల్చేది. మావాళ్ళు వేపమండలతో పురుగుల్ని గట్టు అవతలికి ఊడ్చేశారు. మర్నాడు అవతలివాళ్ళు ఇవతలికి ఊడ్చారు. మూడోనాటికి పురుగును వదిలేసి మనుషులు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు.

"వాళ్ళ పురుగే మనమీద పడింది" అన్నాడు మా నాయన.

"పురుగుకు ఆంధ్రా, కర్ణాటకా యాడ తెలుస్తాదిరా? ఆకు యాడుంటే ఆడికి పోతాది" అంది అవ్వ. అని, ఒక సట్టి నిండా పురుగులు ఏరి, పైన గుడ్డ కట్టి, నా చెయ్యి పట్టుకుని గట్టు దాటింది.

ఆ ఊరి పెద్ద గౌడప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పుట్టింటికొచ్చిన ఆడపడుచు చేతిలో సట్టి చూసి, తినడానికేదో తెచ్చిందనుకున్నాడు. "ఏం తెచ్చినావక్కా?" అంటూ ఆశగా గుడ్డ విప్పి, ఎగిరి అరుగు కింద పడ్డాడు.

"మీ పురుగంట గౌడప్పా. మీకు అప్పజెప్పేకి వచ్చినా" అంది అవ్వ.

అక్కడున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. గౌడప్ప కూడా పంచె దులుపుకుంటూ నవ్వాడు. నవ్వు తగ్గాక అవ్వ నెమ్మదిగా చెప్పింది: "రెండూర్లోళ్ళూ ఒగే దినం దిగితేనే ఇది చస్తాది. లేకుంటే ఈడా మొలకుండదు, ఆడా ఉండదు." గౌడప్ప "రేపే దిగుదామక్కా" అన్నాడు.

మర్నాడు మోటారుసైకిలు మీద మా వ్యవసాయాధికారి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. చేను చుట్టూ మూరెడు లోతు కాలవ తవ్వితే నడిచొచ్చే పురుగు అందులో పడుతుందని చెప్పాడు. అది ఆ పక్కవాళ్ళకీ చెప్పమంటే ఇబ్బందిపడ్డాడు.

"అవ్వా, ఆ పొలాలు నా పరిధిలోకి రావు."

"నువ్వు ఈ పక్కనే నిలబడు సార్. గొంతు పెద్దది చేసి చెప్పు, వాళ్ళే ఇనుకుంటారు."

ఆయన గట్టెక్కి, మాకు చెబుతున్నట్టు మావైపే తిరిగి, రెండు రాష్ట్రాలకూ వినబడేలా అరిచాడు.

మగవాళ్ళు కాలవలు తవ్వారు. ఆడవాళ్ళు జిల్లేడు కొమ్మలు విరిచి సాళ్ళ మధ్య పరిచారు. ఎండెక్కగానే పురుగులన్నీ ఆ కొమ్మల కిందికి చేరేవి. అవ్వ మా ఊరి పిల్లల్లో ఒకరిని, ఆ ఊరి పిల్లల్లో ఒకరిని జత కలిపి, పుల్లలిచ్చి, ఏరుకొచ్చి కాలవలో వెయ్యమంది. నా జత గౌరి. పురుగులు లెక్కబెడుతూ నేను "మూడు" అంటే అది కన్నడంలో "మూరు" అనేది, నేను నాలుగు అనేలోగా అది "ఐదు" అని గెలిచేది. పుల్లలతో ఆలస్యమవుతోందని చేతులతోనే ఏరాం. సాయంత్రానికి అరచేతులు బూరెల్లా పొంగాయి. అవ్వ రెండూళ్ళ పిల్లల్నీ వరసగా కూర్చోబెట్టి, గోళ్ళతో బొచ్చు పీకి, వెచ్చటి ఆముదం రాసింది. మేము ఏడవలేదు. ఎవరి చేతులు ఎక్కువ వాచాయో కొలుచుకున్నాం.

ఐదో రోజుకు పురుగు తగ్గింది. మాది పల్లపు మడి ఒకటి పోయింది, గౌడప్పది రెండు పొలం చెక్కలు పోయాయి, మిగతా పైరంతా నిలబడింది. ఆ మధ్యాహ్నం గట్టు మీదే అందరికీ భోజనం. మా ఊరినుంచి రాగిసంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి, అటునుంచి నెయ్యి కారే ఓళిగలు. వాటిని ఒబ్బట్లనాలని గౌరి, ఓళిగలనాలని నేను పోట్లాడుకుంటూనే చెరో నాలుగు తిన్నాం. మట్టికొట్టుకున్న చేతులతో మా నాయన గౌడప్పకు సంగటిముద్ద వడ్డించడం, వారం కిందట ఈ ఇద్దరే కదా తిట్టుకున్నారని నేను నోరు తెరుచుకుని చూడటం గుర్తు. అధికారి మాత్రం తన విస్తరి గట్టుకు ఈ పక్కనే వేయించుకున్నాడు.

ఈ మధ్య ఊరికి పోయాను. అవ్వ లేదు, నాయన లేడు. మా చేలో చిన్నాయన కొడుకు రమణ మొక్కజొన్న వేశాడు. వీపుకు డబ్బా తగిలించుకుని ఒక్కడే మందు కొడుతున్నాడు. ఏ పురుగుకు ఏ మందో ఫోనులోనే చెబుతారట. అది మంచిదే.

"పక్కచేనోళ్ళు కూడా కొడతాండారా?" అని అడిగాను.

"ఏమోక్కా, ఎవురో బెంగళూరు ఆయప్ప కొన్న్యాడంట. ఆయప్ప మొగం నేనింతవరకూ సూళ్ళేదు."

గట్టు ఎక్కి అవతలికి చూశాను. ఎవరినైనా కేకేద్దామనిపించింది. ఏ పేరు పెట్టి పిలవాలో తెలియలేదు.