క్లచ్ లేని బండి

మారప్పకు బండ్లంటే భయం లేదు. మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటేనే భయం. ఆ వారం పుంగనూరులో, టమోటా మండీ నడిపే తన యజమాని ఖైసర్ ఇంటి వరండాలో చెప్పులు తొడుక్కుంటుంటే లోపలి మాటలు చెవిన పడ్డాయి. ఆ ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. పదిహేనేళ్లుగా వాళ్ల బండి నడుపుతున్నాడు గనక మారప్పకు ఆ భాష బాగానే పట్టుబడింది. ఆ రోజు మాత్రం ఆ భాష రాకపోయి ఉంటే బాగుండేదనిపించింది. క్లచ్ లేని బండి వస్తే నువ్వే నడుపుకోవచ్చు, ఇంక డ్రైవరెందుకని ఖైసర్ తన భార్య మెహ్‌నాజ్‌తో అంటున్నాడు.

మెహ్‌నాజ్ ఏమందో వినబడలేదు. వినబడకపోవడమే మారప్పను ఎక్కువ తినేసింది.

"పోయి అడగరాదా?" అంది ఇంట్లో భార్య పాపమ్మ, ఆవుకు కుడితి పెడుతూ.

"అడిగితే అవునంటే?"

"అడక్కపోతే నిద్ర పట్టదు గదా నీకు."

నిజమే, పట్టలేదు. యాభై ఆరేళ్లు. సర్వీసు జీపుతో మొదలుపెట్టి స్టీరింగు తప్ప ఇంకో పని నేర్వలేదు. ఈ వయసు వాణ్ని కొత్తగా డ్రైవరుగా పెట్టుకునేవాళ్లు పుంగనూరులో కాదు కదా, బెంగుళూరులో కూడా దొరకరు. కుర్రవాళ్లే ఖాళీగా తిరుగుతున్నారు.

అసలు కొత్త బండి గొడవంతా ఖైసర్ తల్లి బషీరా వల్ల వచ్చింది. ఆమెకు కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు కుప్పం తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. మదనపల్లెలోనూ చేస్తారు గానీ, మొదట్నుంచీ చూస్తున్న డాక్టరు కుప్పంలో ఉన్నాడు, ఆమె ఆయన్ను వదలదు. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడే నరకం. పాత డీజిల్ బండి అదురుకు, వాసనకు కడుపులో దేవేసి దారిలో వి.కోట దాటేలోపు రెండుసార్లయినా వాంతి చేసుకుంటుంది. మారప్ప బండి ఆపి, నీళ్లిచ్చి, రోడ్డు వైపు ఎవరూ చూడకుండా అడ్డంగా నిలబడేవాడు.

డీజిల్ వద్దని డాక్టరు చెప్పాడు. పూర్తి కరెంటు బండి కొందామంటే దారిలో చార్జింగ్ ఎక్కడ దొరుకుతుందోనని ఖైసర్‌కు గుబులు. చివరికి రెంటికీ మధ్యన ఉండే బండి ఒకటి చూశాడు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారట. బెంగుళూరు నుంచి ఉదయ్ కిరణ్ అనే సేల్స్ కుర్రాడు రెండు రోజులు నడిపి చూసుకోండని దాన్ని మదనపల్లెలో ఖైసర్ మండీకి తెచ్చాడు.

"రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే చాలు. ముందు కరెంటు మీద పోతుంది. చార్జి అయిపోతే పెట్రోలు దానంతటదే అందుకుంటుంది" అన్నాడు ఉదయ్ కిరణ్.

"అట్లయితే ఇది గోడమీద పిల్లి అన్నమాట" అన్నాడు మారప్ప. చుట్టూ ఉన్న మండీ వాళ్లు నవ్వారు. ఖైసర్ నవ్వలేదు.

"మారప్పా, నాకు టమోటా తెలుసుగానీ బండ్లు తెలీవు. నువ్వు బాగుండాదంటేనే అడ్వాన్సు కడతా. నీ మాటే మాట."

ఆ మాటకు మారప్ప ఛాతీ పొంగాల్సింది. అతను మాత్రం లోపల లెక్క వేసుకున్నాడు. బాగుందంటే తన పని పోతుంది. బాగాలేదంటే నిలుస్తుంది. ఒక్క లోపం దొరికితే చాలు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

మొదటి లోపం మారప్పలోనే దొరికింది. మార్కెట్టు రోడ్డులో ముందర ఒక ఆటో నెమ్మదించగానే అలవాటు చొప్పున ఎడమకాలు క్లచ్ కోసం పోయింది. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు దొరికింది. బండి నేలకు మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోయింది. ఉదయ్ కిరణ్ ముందుకు తూలాడు, వెనక టమోటా క్రేట్ల ఆటోవాడు అమ్మానాన్నలను కూడా వదలకుండా తిట్టాడు.

"ఎడమకాలు వెనక్కి మడిచి పెట్టుకోండంకుల్. అందరికీ మొదట్లో ఇట్లనే అవుతుంది."

అందరికీ అవుతుందో లేదో గానీ, చెమటలు మాత్రం మారప్పకే పట్టాయి. ఇంత చిన్న కుర్రాడు తనకు కాళ్లెక్కడ పెట్టాలో చెప్పడం అవమానంగా ఉంది.

ఆ రాత్రి ఖైసర్ ఇంట్లో వాషింగ్ మిషన్ ప్లగ్గు తీసేసి బండికి పెట్టారు. ఊళ్లో కరెంటు పోతే బాగుండునని మారప్ప దేవుడికి దండం పెట్టుకున్నాడు. తెల్లారి చూస్తే చార్జి నిండా ఉంది. దేవుడు కూడా వాళ్ల పక్షమే.

కుప్పానికి బయల్దేరారు. ముందు సీట్లో ఉదయ్ కిరణ్, వెనక బషీరా, మెహ్‌నాజ్. మారప్ప స్పీడ్ బ్రేకర్లను కావాలనే కాస్త గట్టిగా ఎక్కించాడు, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు. బండి కింద తగల్లేదు. పలమనేరు దాటాక మేకల మంద రోడ్డుకు అడ్డం పడింది. చప్పుడు లేని బండికి మేకలేం కదులుతాయి!

"చూసినావా, వినబడనే వినబడదు. ఎవడో ఒకడు కింద పడతాడు" అన్నాడు మారప్ప ఆశగా.

"హారన్ కొట్టండంకుల్" అన్నాడు ఉదయ్ కిరణ్.

కొట్టాడు. మేకలు పోయాయి.

కుప్పం దగ్గర పడుతుండగా చార్జి అడుగంటింది. మారప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఆగుతుంది, దడదడలాడుతుంది, పొగ వాసన వస్తుంది. చెవులు రిక్కించి కాచుకున్నాడు. మీటరులో ఒక గుర్తు మారింది, ఎక్కడో సన్నగా మిషన్ తిరిగినట్టయింది. అంతే.

"పెట్రోలుకు మారింది" అన్నాడు ఉదయ్ కిరణ్.

మారప్ప మీటరును వేలితో తట్టి చూశాడు.

తిరుగు ప్రయాణానికి సాయంత్రమైంది. డయాలిసిస్ అయిన బషీరా ముఖం పాలిపోయి ఉంది. మారప్ప, మెహ్‌నాజ్ చెరో పక్క పట్టుకొని ఎక్కించారు. ఎక్కడ ఆపమంటుందోనని అతని కళ్లు రోడ్డు మీద కంటే అద్దంలోనే ఎక్కువ ఉన్నాయి. ఆపమంటే తన పని నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచన పోలేదు.

వి.కోట వచ్చింది. ఆమె ఆపమనలేదు. వి.కోట దాటింది. అద్దంలోకి చూస్తే కోడలి భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకొని, బషీరా నిద్రపోతోంది. ఇన్నేళ్లలో ఆ దారిలో ఆమె నిద్రపోవడం మారప్ప ఎన్నడూ చూడలేదు. అతనికి సంతోషం కలిగింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి బండి ఇంకాస్త నిదానంగా పోనిచ్చాడు.

అప్పుడే ఖైసర్ ఫోను. మెహ్‌నాజ్ శబ్దం తగ్గించి స్పీకరులో పెట్టింది.

"ఏమప్పా మారప్పా, బండి ఎట్లుండాది? ఏమన్నా లోపముండాదా?"

మేకల మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"లేదు భాయ్. తీసుకోండి. అమ్మ నిద్రపోతాండాది."

"అమ్మీ నిద్రపోతాందా?" ఖైసర్ నమ్మలేనట్టు అన్నాడు. తర్వాత అసలు మాట అడిగాడు. "మరి మెహ్‌నాజ్ తోలగలుగుతాదా దీన్ని?"

ఇదే, మారప్ప భయపడిన ప్రశ్న. మెహ్‌నాజ్ తల వంచుకుంది. డ్రైవింగ్ స్కూలులో నేర్చుకొని లైసెన్సు తెచ్చుకున్నా పాత బండి బరువు క్లచ్ ఆమె వల్ల కాలేదు. కష్టం భాయ్ అని ఒక్క మాట అంటే చాలు, ఖైసర్ నమ్ముతాడు.

"తోలుతాది. నాకంటే బాగా తోలుతాది."

ఫోను పెట్టేశాక ఇంక ఆగడం చేతకాలేదు. బండి పక్కకు తీసి దిగి వెనక తలుపు తీశాడు.

"రామ్మా, ఈడినుంచి నువ్వే తోలు. ఉదయ్ పక్కన ఉంటాడు, నేను వెనకనుంచి చెప్తాంటా."

"మారప్పన్నా, ఇప్పుడే యాల? రేపు చూద్దాంలే." మెహ్‌నాజ్ సీటులోంచి కదల్లేదు. "ఆయన ఇంట్లో ఇంక డ్రైవరెందుకని అన్నింటే, అది మనసులో పెట్టుకోవద్దన్నా..."

"రేపంటే నేను రమ్మనలేను తల్లీ. రా."

బషీరా తల నెమ్మదిగా వెంట తెచ్చుకున్న దిండు మీదికి మార్చి మెహ్‌నాజ్ ముందుకు వెళ్లింది. మారప్ప వెనక సీటులో ఒక అంచున కూర్చున్నాడు. ఆ ఇంటి బండిలో వెనక కూర్చోవడం అతనికదే మొదటిసారి. బండి కదిలింది. మెహ్‌నాజ్ మొదట బిక్కుబిక్కుమంటూ పోనిచ్చినా, పలమనేరు లైట్లు కనబడేసరికి చేతులు స్టీరింగు మీద కుదురుకున్నాయి. చెప్పడానికి మారప్పకు ఏమీ మిగల్లేదు.

బషీరా కళ్లు తెరిచింది. పక్కన మారప్పను చూసి బెదిరింది.

"నువ్వు ఈడుంటే బండి ఎవరు తోలుతాండారు?"

"మీ కోడలేనమ్మా."

ఆమె ముందుకు చూసింది. కోడల్ని, స్టీరింగును చూసి, మళ్లీ మారప్ప వైపు తిరిగింది. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని మాట ఆమె అడిగింది.

"మరి నువ్వు?"

"నేనీడే ఉండానమ్మా. పండుకోండి" అన్నాడు మారప్ప.

పుంగనూరు వచ్చేదాకా ఆ మాటలో అబద్ధం లేదు.