గంట మోగని ఆదివారం

లాస్ ఏంజెలెస్ ఫ్రీవే కంట్రోల్ రూములో వెండెల్ హాస్కెట్‌ది కిటికీ లేని మూల. సెలవు రోజుల్లో కూడా ఆరున్నరకే వచ్చి, నలిగిన టోపీని ఫైళ్ల మీద పెట్టి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటాడు. రోడ్డు కింద పాతిన తీగచుట్టలు పైన పోయే కార్లను లెక్కపెట్టి అతనికి అంకెలు పంపుతాయి. ఒకచోట కార్లు కిక్కిరిసి, దాని ముందు రోడ్డు ఖాళీ అయిందంటే మధ్యలో ప్రమాదం జరిగినట్టే. ఆ లెక్క కట్టి కంప్యూటరుకు నేర్పింది వెండెలే. అది ప్రమాదాన్ని పసిగట్టి గంట మోగిస్తే, పెన్సిలు చెవి మీద పెట్టుకుని చిన్నగా దగ్గుతాడు. అతని సంబరమంతా అంతే.

మొన్న ఆదివారం పొద్దున ఓ ముసలాయన కారు రోడ్డు దిగి పొదల్లోకి దూసుకుపోయింది. రెండు గంటలైనా గంట మోగలేదు. చివరికి పోలీసులే చూసి ఫోన్ చేశారు.

"మీ లెక్క నిద్రపోయిందా, వెండెల్?" అంది ఫోన్ల దగ్గర కూర్చునే రోసాల్బా.

"వెనక కార్లు ఆగితేనే దానికి తెలిసేది. ఆయన వెనక ఎవరూ లేరు."

"బతికాడులెండి. కాలు విరిగిందట. ఇంట్లో ఎవరికి చెప్పమంటారంటే, ఎవరూ లేరన్నాడట."

ఆ రోజు వెండెల్ ఇక ఫ్లాస్కు మూత తెరవలేదు. సోమవారం వస్తూనే తన ఇంటి తాళంచెవి తెచ్చి రోసాల్బా బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి, కాపరానికి రమ్మంటారా?" అని నవ్విందామె.

"ఎప్పుడైనా ఆరున్నరకి నేను రాకపోతే, ఓసారి వెళ్లి తలుపు తీసి చూడు."

రోసాల్బా నవ్వు ఆగింది.

"మీ ఇల్లెక్కడ?" అని అడిగింది.

పదకొండేళ్లుగా ఇద్దరూ పనిచేసేది ఒకే గదిలో.