గోత్రం మారిన కొడుకు

బంగార్రాజు నడక నేర్చే వయసులోనే చోడవరం నుంచి రావికమతానికి దత్తత వెళ్లాడు. తల్లికి అన్నదమ్ములు లేకపోవడంతో తాతే పెంచుకున్నాడు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, చెరకు తోట చేతికొచ్చింది. కన్నతండ్రి సత్యారావు మాత్రం ఊరూరా గానుగల దగ్గర బెల్లం వండుతూ బతికాడు.

ఒకసారి కొడుకుని చూడాలనిపించి, పాకం మరకల లుంగీతోనే వచ్చాడు. ఆ రోజే బంగార్రాజు కూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చి ఉన్నారు. ఈయనెవరని వాళ్లడిగితే, "చోడవరంలో తెలిసినాయన" అన్నాడు బంగార్రాజు. సత్యారావు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఈ వేసవిలో ఆయన పోయాడు. పాడె కట్టాక, కొరివి ఎవరు పెడతారని పెద్దలు అడిగారు. అందరి చూపూ బంగార్రాజు మీద పడింది. అతను వెనక్కి జరిగాడు.

"నాకు గోత్రం మారిపోనాది గదండీ. నేను పెట్టకూడదు."

అక్క చిన్నతల్లి కళ్లు తుడుచుకుని లేచింది.

"పెళ్లితో నాకూ మారింది తమ్ముడూ. గోత్రం మారితే నాన్న మారిపోతాడేటి? ఆ కుండ ఇటియ్యండి, నేను పెడతాను."

ఎవరూ కాదనలేదు. ఆమె ముందు నడిచింది. బంగార్రాజు జనం చివర నడిచాడు. ఆచారం అడ్డొచ్చిందన్నది పైమాటేనని అతనికి తెలుసు. బెల్లం వండేవాడి కొడుకునని అంతమందిలో ఒప్పుకోలేకపోయాడు.

పదో రోజు శారదా నది ఒడ్డున అందరూ నువ్వులూ నీళ్లూ వదులుతుంటే, తనూ దోసిలి పట్టాడు.

"పోయినాయన గోత్రం చెప్పండి బాబూ," అన్నాడు పురోహితుడు.

బంగార్రాజు దోసిలి వైపు చూసుకున్నాడు. మారిపోయిందని అంత గట్టిగా చెప్పాడే గాని, మారకముందు అదేమిటో ఏనాడూ ఎవర్నీ అడగలేదు. చెవులు వేడెక్కాయి. నువ్వులు వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి.

"నాగేంద్ర గోత్రం," వెనక నుంచి చిన్నతల్లి మెల్లగా అందించింది. "సెప్పు తమ్ముడూ."

చెప్పాడు. గొంతు తనకే వినబడలేదు.

భోజనాల వేళ అక్క పక్కన కూర్చోమంది. కూర్చోలేక, అన్నం గిన్నె అందుకుని వడ్డనకి నిలబడ్డాడు. ఆఖరి పంక్తిలో నాలుగు మెతుకులు తిన్నాననిపించి, ఆమెతోనైనా చెప్పకుండా వెళ్లి రావికమతం ఆటో ఎక్కాడు.