కూర్చుని చేసే పనేగా!

అమీర్‌బీ ఎవర్నీ నమ్మదు. పాలవాడు నీళ్లు కలుపుతాడనీ, కాటావాడు తూకంలో కొడతాడనీ, టీవీలో వానొస్తుందని చెప్పేవాడు నోటికొచ్చింది వాగుతాడనీ ఆమె గట్టి అభిప్రాయం. పర్చూరు దగ్గర ఆ పల్లెలో ఇది తెలియనివాళ్లు లేరు. అలాంటి మనిషికి కోడలు నస్రత్ ఆరో నెలలో పడేసరికి అనుమానాలకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

కొడుకు ఇషాక్ చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో అమీర్‌బీ చట్టమే. బిందె ఎత్తకూడదు, చీపురు పట్టకూడదు, పక్కింటికి తప్ప గడప దాటకూడదు.

"మరి పొద్దస్తమానం ఏం చెయ్యను అత్తమ్మా?" అంది నస్రత్.

"ముచ్చికలు తియ్యి. కూర్చుని చేసే పనేగా!"

వ్యాపారి మిరపకాయల బస్తాలు ఇంటికే దింపిపోతాడు. ఒక్కో కాయకీ ముచ్చిక, అదే తొడిమ, గిల్లి అవతల పారెయ్యాలి. ఆ ఊళ్లో దాన్ని పని అని ఎవరూ అనరు. బాలింతలూ, ముసలమ్మలూ, కాలు విరిగి మంచాన పడి లేచినవాళ్లూ అందరూ ఆ రాశి ముందు కూర్చునేవాళ్లే. నస్రత్ కూడా పొద్దున్నే నేల మీద చతికిలపడితే మళ్లీ అన్నానికే లేచేది. ఘాటుకి దగ్గు. నడుము పట్టేసేది. కాళ్లు పొంగాయి.

ఆ కాళ్లు చూసి అమీర్‌బీ గుండెల్లో రాయి పడింది. ఇంట్లో కదలకుండా కూర్చునే పిల్లకి కాళ్లెందుకు వాస్తాయి? ఇది ఎక్కడో తిరుగుతోంది!

ఇంకేముంది, కాపలా మొదలు. సాయంత్రం "పక్కింటి నజ్మీన్ దగ్గరికి పోయొస్తా"నని నస్రత్ బయల్దేరగానే, కొంగు తలమీదికి లాక్కుని అమీర్‌బీ వెనకే నడిచింది. నస్రత్ నజ్మీన్ ఇల్లు దాటేసింది. కాలవగట్టు ఎక్కింది. అక్కడ ఆశా వర్కరు సంతోషకుమారి ఎదురుచూస్తోంది. ఇద్దరూ చేతులూపుకుంటూ, నవ్వుకుంటూ నడక!

"ఒసేయ్! ఆగవే!" అమీర్‌బీ కేకకి గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూశాయి. "నువ్వేనా, సంతోషా, దీన్ని చెడగొట్టేది?"

"చెడగొట్టడమేంటి పిన్నీ? ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే రోజూ అరగంట నడవాలి. పోయినసారి డాక్టరమ్మే చెప్పారు."

"చెప్పిందో, నువ్వు అల్లావో! రేపు ఆవిడ మొహం మీదే అడుగుతా."

అన్నంత పనీ చేసింది. మర్నాడు కోడల్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోకుండానే ఫిర్యాదు మొదలుపెట్టింది. దొంగచాటుగా రోజూ అరగంట నడుస్తోందండీ, కాళ్లు చూడండి, వాచిపోయాయి, మీరైనా గడ్డి పెట్టండి అని.

డాక్టరమ్మ నస్రత్‌కి బీపీ చూసింది, పొట్ట చూసింది, పాత స్కానింగు కాయితాలు తిరగేసింది. "అంతా బాగానే ఉంది. ఈ అమ్మాయికి అరగంట నడక మంచిదే. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసం రాకూడదు, అంతే. నొప్పి, రక్తం, నీరు పోవడం, కళ్లు తిరగడం, ఏదైనా కనబడితే మాత్రం ఆపేసి వెంటనే వచ్చెయ్యాలి. బరువులు వద్దు. సరే, మిగతా రోజంతా ఏం చేస్తుంది?"

"ఏమీ లేదండి. ముచ్చికలు తీస్తది. కూర్చునే."

"ఎంతసేపు?"

"పొద్దుట్నించి సాయంత్రందాకా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కాళ్లు వాచేది అందుకమ్మా. అన్ని గంటలు నేల మీద వంగి, ఆ ఘాటులో! మీరు విశ్రాంతి అనుకుంటున్నారు. గంటకోసారి లేపండి. అసలు ఆ కాయల్ని ఇంట్లోంచి తీయించండి."

కోడల్ని కాపాడుతున్నాననుకుని అమీర్‌బీ తానే కుదేసి కూర్చోబెట్టింది. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. బయటికి వెళ్లాల్సిన మనిషి కుర్చీ అంచు పట్టుకుని అక్కడే నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట. ఇషాక్ కంటే ముందు నాకొకటి పోయింది. ఆరో నెల. అప్పుడు మిర్చి యార్డులో బస్తాలు లాగేదాన్ని. నేను ఒళ్లు దాచుకోకపోబట్టే పోయిందా?"

నస్రత్ నిర్ఘాంతపోయింది. పెళ్లయిన రెండేళ్లలో ఆ మాట ఈ ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"ఇన్నేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "చాలాసార్లు అది ఎవరి తప్పూ కాదు."

తిరుగు దారిలో ఆటోలో అమీర్‌బీ బయటికే చూస్తూ కూర్చుంది. ఊరు కనబడుతుండగా ఉన్నట్టుండి అడిగింది. "ఆవిడ నన్ను ఊరడించడానికి అంది కదూ?"

"లేదత్తమ్మా."

"నా మొహం చూసి జాలిపడి అంది."

"లేదు. మీ తప్పు కాదు."

ముప్పై ఏళ్లుగా అమీర్‌బీ అందరికంటే ఎక్కువగా అనుమానించింది తనని తనే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నస్రత్ ఆమె భుజం పట్టుకుంది.

"నేను నమ్మను," అంది అమీర్‌బీ. కొంగుతో మొహం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "మళ్లీ చెప్పు."