నా భుజానికి సరిపోయే డిక్కీ

కారు షోరూమ్‌కి సైకిల్‌ వెంటబెట్టుకుని వెళ్లిన మనిషిని ఉప్పల్‌లో బహుశా నేనొక్కదాన్నే. కొలతలు రాసుకుని వెళ్తే సరిపోదా అని అందరూ అన్నారు. నేను నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పొడవు, వెడల్పు, ఎత్తు చెబుతూనే ఉన్నాను. కాగితం మీద పట్టిన వస్తువు పెట్టెలో పట్టకపోవడం నాకు కొత్త కాదు. అందుకే సైకిల్‌నే తీసుకెళ్లేదాన్ని.

ఇంత హంగామా ఎందుకంటే, నిరుడు వానలు తగ్గాక ఒక ఆదివారం పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి బోడుప్పల్ వైపు తొక్కుకుంటూ పోతున్నాను. చెయ్యెత్తిన మనిషి కోసం నా ముందున్న ఆటో ఉన్నచోటే ఆగిపోయింది. నేను ఆగలేకపోయాను. ఎడమ వైపు కాలర్ ఎముక విరిగింది, ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ, ఆ చెయ్యి నడుము దాటి బరువు ఎత్తనని మొండికేసింది. బలవంతంగా ఎత్తితే రెండు రోజులు ఆ పోటుతోనే బతకాలి.

నేను సైకిల్ నేర్చుకున్నది నలభై ఆరో ఏట. చిన్నప్పుడు ఆడపిల్లకు సైకిలెందుకన్నారు, ఊరుకున్నాను. నేర్చుకున్నాక, పడేదాకా నాలుగేళ్లలో ఒక్క ఆదివారం మానలేదు. వారంలో ఆరు రోజులు స్కూలు, ట్యూషన్లు, వంట, అత్తమ్మ మందులు. ఆదివారం పొద్దున ఆ మూడు గంటలే నావి. వాటిని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

అయితే సిటీ రోడ్ల మీద ఇక తొక్కకూడదని ఆసుపత్రి మంచం మీదే నిర్ణయించుకున్నాను. ఘట్‌కేసర్ దాటి లోపలికి వెళ్తే ఊళ్ల మధ్య ఖాళీ రోడ్లున్నాయి. అక్కడిదాకా సైకిల్‌ను కారులో తీసుకెళ్లాలి. నేనే ఎక్కించుకోవాలి, నేనే దించుకోవాలి. ఇంకొకరు లేచొచ్చి ఎక్కిస్తే గానీ కదలని ఆదివారం ఎన్నాళ్లు సాగుతుంది? రెండు వారాలు సాగుతుంది. మూడో వారం వాళ్లకు ఎవరిదో పెళ్లుంటుంది. నాలుగో వారం నేనే అడగడం మానేస్తాను. నా భయమంతా అదే.

మా పాత కారు వెనక సీటు మడత పడదు. ఎలాగూ అది అమ్మే వయసుకొచ్చింది. కొత్తది కొందాం, సైకిల్ పట్టేది కొందాం అని ఇంట్లో చెప్పాను. మా ఆయన టీవీ సౌండు తగ్గించి మరీ నవ్వాడు.

"కారు కొన్నోళ్లు సైకిల్ అమ్ముకుంటరు. నువ్వేందే, సైకిల్ కోసం కారంటున్నవ్?"

"నవ్వుకో. కానీ డిక్కీ చూసే కొంట" అన్నాను.

ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషీన్ షాపు సూపర్‌వైజరు. మనసు మంచిదే, కానీ ఏ వస్తువైనా పెద్దదిగా ఉంటేనే ఆయన కంటికి ఆనుతుంది. మొదటి రోజే ఒక ఎత్తయిన బండి ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. "గిది రోడ్డు మీదికి వస్తే జనం జరుగుతరు" అన్నాడు. నేను బ్యాగులోంచి టేపు తీశాను. నేల నుంచి డిక్కీ అంచు దాకా ఇరవై ఏడు అంగుళాలు దాటకూడదని ఇంట్లోనే లెక్క చూసుకున్నాను. ఆ ఎత్తు నా తొడల దాకా వస్తుంది. ఈ బండి అంచు అంతకన్నా చాలా పైనుంది. సైకిల్‌ను దాని మీదుగా లోపలికి తోయాలంటే నా చెయ్యి ఛాతీ దాకా లేవాలి. వద్దన్నాను.

ఇంకో షోరూమ్‌లో పొడుగు డిక్కీ ఉన్న కారు చూపించారు. నాలుగు సూట్‌కేసులు పడతాయట. పడతాయి, కానీ దాని నోరు ఇరుకు. ముందు చక్రం తీసినా హ్యాండిల్ లోపలికి పోలేదు. ఏడుగురు కూర్చునే బండిలో వెనక సీటు మడిస్తే మధ్యలో మెట్టులా నిలబడింది. పైన క్యారియర్ పెట్టించుకోండి మేడమ్ అన్నాడు సేల్స్ అబ్బాయి. తల మీదికి ఎత్తగలిగితే నీ దాకా ఎందుకొస్తాను నాయనా అన్నాను. వెనక తగిలించుకుంటే నంబర్ ప్లేటు మూసుకుపోయి చలాన్లు. అట్లా ఆరు వారాలు తిరిగాను.

ఆ తిరగడం గురించి ఒకటి చెప్పాలి. మా ఇంటి నుంచి హబ్సిగూడ మీదుగా, మెట్రో స్తంభాల కింద, ఉప్పల్ దాకా సైకిల్‌ను చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వెళ్లేదాన్ని. దారిలో ప్రతి టీ కొట్టు దగ్గరా ఎవరో ఒకరు "పంక్చరా మేడమ్?" అనేవారు. అవునన్నట్టు తలూపేదాన్ని. ఒకాయనైతే చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పంక్చర్ షాపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. ఆయనకు థాంక్స్ చెప్పి ఆ షాపు ముందు నుంచే నడుచుకుంటూ పోయాను.

ఏడో వారం నేను స్కూల్లో ఉండగా మా ఆయన ఒక కారు బుక్ చేసి వచ్చాడు. నాకు సర్‌ప్రైజ్ అట. నేను చూసిన కార్లలో ఒకదాని లాంటిదే, వెనక సీటు మడత పడుతుంది, అంచు తక్కువే. మైలేజీ మస్తుగ ఇస్తదని సీఎన్‌జీది తీసుకున్నాడు. ఆ సాయంత్రం నన్ను షోరూమ్‌కి తీసుకెళ్లి గర్వంగా డిక్కీ తెరిచాడు. డిక్కీ నిండా గ్యాస్ సిలిండరు పడుకుని ఉంది. దాని మీద ఒక కూరగాయల సంచి పెట్టుకోవచ్చు, అంతే.

ఇంటికొచ్చి నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. డిక్కీ కోసమే కారన్న మాట ఇన్ని వారాలుగా ఏ చెవిన విన్నావన్నాను. నేను ఆగాక ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.

"తప్పయింది, రేపే క్యాన్సిల్ చేస్త. కానీ నన్ను ఒక్క మాట చెప్పనియ్యి. ఆ డబ్బా అసుంటి కారు ఉండె చూడు, మొదటి వారంల చూసింది. సైకిల్ అందుల పట్టిందా లేదా?"

"పట్టింది. సీటు మడిచే పిడి గట్టిగున్నది."

"తర్వాత వాళ్లు ఫోన్ చేస్తే?"

"నాకు నచ్చిన రంగు లేదు."

"ఎన్నడన్న రంగు చూసి కొన్నవా నువ్వు? సైకిల్ చేతుల పెట్టుకొని ఉప్పల్ దాక నడుసుకుంటవోతున్నవ్. నేను చూస్తలేననుకున్నవా? నువ్వు కారు ఎతుకుతలేవే. సైకిల్ ఎక్కకుండ ఉండెతందుకు వంకలు ఎతుకుతున్నవ్."

వంటింట్లోకి పోయి కుక్కర్ కడిగాను, కడిగిన కుక్కర్నే మళ్లీ కడిగాను. ఏడుపొచ్చింది. ఆయన అన్నది అబద్ధమైతే అంత ఏడుపు రాదు. పడిన రోజు నుంచి ఒక్కసారైనా ఆ సీటు మీద కూర్చోలేదు నేను. మా సందులో కూడా కూర్చోలేదు. సరైన కారు దొరికేదాకా ఎక్కనవసరం లేదు కాబట్టి కారు దొరకకుండా చూసుకుంటున్నాను. తప్పు లెక్కను చక్కటి దస్తూరీతో రాసుకొచ్చే పిల్లలను ఎంతమందిని చూశాను! నేనూ అదే పని చేశాను.

శనివారం స్కూలు అయ్యాక ఆ డబ్బా కారు షోరూమ్‌కి వెళ్లాను. ఈసారి సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేయించాను, మళ్లీ నడిపించుకుంటూ వెళ్లే నాటకం ఆడదలచుకోలేదు. సేల్స్ అబ్బాయి సాయానికి వస్తుంటే "జర దూరం జరుగు బాబూ" అన్నాను. సీటు పిడి గట్టిగానే ఉంది, కానీ కుడి చేత్తో లాగితే వచ్చింది. ముందు చక్రం ఊడదీశాను. వెనక చక్రాన్ని అంచుకు ఆనించి, తొడతో ఎత్తి, కుడి చేత్తో తోశాను. సైకిల్ లోపలికి జారింది. డిక్కీ తలుపు మూత పడింది. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. అట్లా నాలుగుసార్లు. షోరూమ్‌లో పని ఆపేసి అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఉన్న రంగులోనే రాసుకోమన్నాను. ఉన్నది ఇటుక రంగు.

బండి వచ్చిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమ అన్నీ అయ్యాయి. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఏడాది దాకా తీయొద్దన్నాడు మా ఆయన. కవరుంటే సీటు సరిగ్గా మడత పడదు. గుడి ముందే చింపేశాను. కొత్త కారులోకి మట్టి సైకిలా అని అత్తమ్మ నొచ్చుకుంది. సైకిల్ కింద నా పాత దుప్పటి పరుస్తానన్నాను, ఆమె శాంతించింది.

ఆదివారం పొద్దున మా ఆయన చొక్కా వేసుకుని తయారుగా నిలబడ్డాడు. రావద్దన్నాను. మొహం చిన్నబోయింది గానీ కారు తాళం నా చేతికిచ్చాడు. ఘట్‌కేసర్ దాటి, ఒక ఊరి రోడ్డు పక్కన ఆపి, సైకిల్ దించాను. చక్రం బిగించాను. బ్రేకులు చూశాను, గాలి చూశాను, మళ్లీ బ్రేకులు చూశాను. ఇంక చూడటానికేమీ మిగల్లేదు. కారు సరిపోయింది, భుజం సరిపోయింది. ఎక్కాను.

కొంత దూరం బాగానే పోయాను. ఇంతలో వెనక ఆటో చప్పుడు. నా ప్రమేయం లేకుండానే కాలు కింద పెట్టేసి, సైకిల్‌ను మట్టిలోకి లాగి నిలబడ్డాను. పాల క్యాన్లు మోగించుకుంటూ అది వెళ్లిపోయింది. నా మీద నాకే కోపమొచ్చి మళ్లీ ఎక్కాను. రెండో ఆటోకీ అట్లాగే దిగాను. అందులో కూర్చున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయారు. ఇట్లయితే ఈ కారు ఎందుకు, ఈ దూరమెందుకు అని పైకే తిట్టుకున్నాను.

మూడోది నన్ను దాటి ముందుకు పోయింది. ముందు మలుపు దగ్గర సంచితో నిలబడ్డ ముసలాయన చెయ్యెత్తాడు. ఆటో ఉన్నచోటే ఆగింది. నేను బ్రేకు పట్టాను. రెండు చేతులూ సమంగా పట్టాయి. తల తిప్పి వెనక చూశాను, కుడి చెయ్యి చాపాను, ఆటో పక్క నుంచి దాన్ని దాటుకుని ముందుకు పోయాను. సీటు మీద నుంచి దిగలేదు.