వంకి కొమ్ముకు రంగు లేదు

దయ్యాల కబుర్లు ఎవరు మొదలుపెట్టినా మా వాడలో ముందు నవ్వేది నేనే. రాళ్ళగుట్ట కింద తెల్లచీర మనిషి తిరుగుతోందని పక్కింటి బాలమ్మ వారం రోజులు జ్వరంతో పడుకుంటే, మిట్టమధ్యాహ్నం నేనొక్కదాన్నే వెళ్ళి చూసొచ్చాను. రాళ్ళు పేల్చేవాళ్ళు వదిలేసిన తెల్ల ప్లాస్టిక్ పట్టా అది. తుమ్మకొమ్మకు చిక్కుకుని ఊగుతోంది. లాక్కొచ్చి మా పిడకల మీద కప్పుకున్నాను. అలాంటిదాన్ని నేను. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ బతిమాలను.

తొంభైల చివరి మాట ఇది. అప్పుడు మేము రాయదుర్గం దగ్గర ఉండేవాళ్ళం. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. మాకు మాత్రం ఇంకా బర్రెలే బతుకుతెరువు. నాకు నాలుగు పాడి బర్రెలు, ఇంకా ఈనని పడ్డ ఒకటి ఉండేవి. మా ఆయన నర్సింహ కట్టడాల దగ్గరికి నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. పేడ ఎత్తడం, గడ్డి కోయడం, పాలు పిండడం అన్నీ నా పనులే. మా కొట్టాన్ని ఆనుకునే మా బావ, అంటే మా ఆయన అన్న యాదయ్య ఇల్లు. ఆయన బర్రెలు అమ్మేసి, భూములు చూపించే పనిలో పడ్డాడు.

నాలుగింటిలోనూ వంకి నా ప్రాణం. దాని ఎడమ కొమ్ము కిందికి వంగి చెవిని తాకేది. ఆ చెవికి చిన్నప్పుడు కుక్క కరిచిన గాటు ఉండేది. నేను కూర్చుంటేనే పాలు చేపేది. నేను ఊళ్ళో లేని రోజు మా ఆయన నా చీర చుట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. మీసాలు కనబడకుండా కొంగు కప్పుకొమ్మని వాడంతా ఆయన్ని ఆటపట్టించేది.

ఏటా వానలకు ముందు పశువుల దవాఖానలో గొంతువాపు సూదులు వేసేవాళ్ళు. ఆ రోగం వస్తే గొంతు వాచి, ఊపిరి గురకలా మారి, పశువు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. సూది పడిన పశువు కొమ్ముకు ఎర్రరంగు చుక్క పెట్టి పంపడం అక్కడి పద్ధతి. ఆ చుక్క కనిపిస్తే ఇక ఆ ఏడాదికి భయం లేదని మా నమ్మకం.

ఆ ఏడు సరిగ్గా సూదుల రోజుల్లోనే మియాపూర్‌లో మా చెల్లెలి కాన్పు వచ్చింది. నేను తటపటాయిస్తుంటే బావే ధైర్యం చెప్పాడు.

"నువ్వు నిమ్మలంగ పోయిరా అనసూయా. బర్రెలను నేను తోల్కపోయి సూదులు ఏపిచ్చుకొస్త. ఫికర్ చెయ్యకు."

పది రోజులకు తిరిగొచ్చి చూస్తే ఐదింటి కొమ్ములకూ ఎర్రచుక్కలు ఉన్నాయి. బావకు చేతులెత్తి దండం పెట్టాను. గారెలు చేసి పంపాను కూడా.

వానలు మొదలైన రెండు వారాలకు వంకి మేత మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. గొంతు కింద వాపు కనిపించింది. చూడగానే గొంతువాపేమో అనుకున్నాను, కానీ కొమ్ము మీది చుక్క చూసి ధైర్యం తెచ్చుకున్నాను. సూది పడింది కదా, ఇది గొంతువాపు కాదు, గడ్డిలో ఏదో తిన్నదని పైకే అన్నాను. ఉప్పు, పసుపు మూటగట్టి ఒక పగలు, ఒక రాత్రి కాపడం పెట్టాను. నేను ఆ మాట అన్నప్పుడు మా ఆయన వేడినీళ్ళ గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు.

తెల్లారేసరికి గురక మొదలైంది. మా ఆయన డాక్టరును తీసుకొచ్చేలోగా వంకి నా ఒళ్ళో తల పెట్టి పోయింది. మరునాడు రెండు, ఆ సాయంత్రానికి నాలుగోది. ఆ డాక్టరు కొత్తగా వచ్చినవాడు. ఎందుకింత ఆలస్యం చేశావమ్మా అని కసిరాడు. మందులు ఎక్కించి పడ్డనొక్కదాన్ని నిలబెట్టాడు. సూది పడినా ఇలా అయిందంటే నా రాత అనుకున్నాను. గోతిలో సున్నం చల్లి మన్ను తోస్తుంటే, అన్నిటికన్నా చివరికి మునిగింది వంకి వంకరకొమ్మే. దాని మీది ఎర్రచుక్క నా కళ్ళారా చూశాను.

ఆ తర్వాత పదకొండో రోజు, పొద్దున పదిగంటల వేళ. ఎండ బాగా ఉంది. నేను తొట్టి కడిగి, అంచుదాకా నీళ్ళు నింపి, కొట్టం అరుగు మీద కూర్చున్నాను. రాత్రంతా ట్యాంకరు నడిపొచ్చిన మా ఆయన వసారాలో మంచంలో నిద్రపోతున్నాడు. నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. గుట్ట వైపునుంచి ఒక బర్రె నింపాదిగా నడిచి వచ్చింది. వంగిన కొమ్ము, గాటు చెవి. వంకి. తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగింది. గుటకల చప్పుడు నాకు వినిపించింది. కొట్టం రెండో చివర కట్టేసిన పడ్డ పలుపు తెంపుకునేలా గుంజుతూ అరిచింది.

"వంకీ" అన్నాను. గాటు చెవి కదిలింది. నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. అప్పుడు కొమ్ము చూశాను. రంగు లేదు. గీకినట్టు గానీ చెరిగినట్టు గానీ లేదు, అసలెప్పుడూ రంగు పెట్టనట్టే నల్లగా ఉంది. తాగడం అయ్యాక అది కొట్టం వెనక్కి తిరిగింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. తిరిగొచ్చి చూస్తే తొట్టిలో నీళ్ళు జానెడు తగ్గి ఉన్నాయి. పడ్డ పలుపు తొట్టిదాకా అందదు. మళ్ళీ మళ్ళీ కొలిచి చూశాను.

ఆ రోజంతా కొమ్మే కళ్ళముందు మెదిలింది. మరునాడు పశువుల దవాఖానకు వెళ్ళి కాంపౌండరును అడిగాను. సూదుల పుస్తకం తీసి చూశాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను, నేనూ చూశాను. మా పేరు లేదు.

"మీ బర్రెలు రానేలే గదమ్మా" అన్నాడు. "రంగా? ఈసారి మేం ఎవ్వరికీ రంగే పెట్టలే. డబ్బా రాలే."

ఇంటికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ అరుగు మీద చాయ్ తాగుతున్నారు. నేను బావ ఎదురుగా నిలబడి కాంపౌండరు అన్న మాట చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆ రోజు భూమి చూసేటోళ్ళు వచ్చారట. దవాఖానకు పోవడం కుదరలేదట. నేను పరేషాన్ అవుతానని గేటుకు వేయగా మిగిలిన రంగు తీసి కొమ్ములకు తనే పెట్టాడట. మళ్ళీ వారం తోలుకుపోదామనుకున్నాడట, మరిచిపోయాడట.

"మరిచినవా బావా? నాలుగు పానాలు" అన్నాను.

"నన్నొక్కన్నే ఎందుకంటవ్? నీ మొగనికి ఎరుక లేదా? నేను రంగు పెడుతుంటె బర్రెలను పట్టుకున్నది ఎవరు?"

నేను మా ఆయన వైపు తిరిగాను. కాదంటాడని చూశాను. ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

బావ అబద్ధానికి నాకు కోపం వచ్చింది. మా ఆయన చేసింది అంతకన్నా పెద్దది. ఇది గొంతువాపు కాదని నేను అన్నప్పుడు, ఒక్క మాట, సూది పడలేదే అనసూయా అని ఒక్క మాట అంటే అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తేదాన్ని. అన్న పరువు పోతుందని వేడినీళ్ళు అందిస్తూ నిలబడ్డాడు. నా చీర కట్టుకుని ఆ బర్రె పాలు పిండిన మనిషి!

తర్వాత చాలామందిని అడిగాను. దుఃఖంలో మనసు అలా చూపిస్తుందన్నారు. కావచ్చు. కానీ నా మనసుకు తెలియని సంగతి నా మనసే నాకెలా చూపించింది? తొట్టిలో నీళ్ళు ఎవరు తాగారు?

ఇప్పుడు మణికొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. పోయిన ఏడు ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ మా ఆయన చెయ్యి ఆపాడు.

"వంకి వచ్చిన దినం నేను మంచంల పండుకొని ఉంటి గద" అన్నాడు. "అది నా దిక్కు చూసిందా?"

అది ఎవరి వైపూ చూడలేదు. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది, అంతే. ఆ మాట చెబితే ఆయన కడుపునిండా అన్నం తినేవాడు. నేను కూర వడ్డించి లోపలికి వచ్చేశాను.