గడ్డి చప్పుడా, కల్లు చప్పుడా

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా ఆయన మీద నాకు అనుమానం పుట్టిన సంగతి చెప్తాను.

సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన కాలం. వాటిని నడిపే మా ఆయనకు పని లేదు. పడవ పని వీసా ఉందని కోరుట్ల ఏజెంటు అంటే గల్ఫ్ పోయాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

"ఏం పనయ్యా?"

"గడ్డి చప్పుడు వినే పని."

"గడ్డి చప్పుడేంది?"

"సముద్రం అడుగున గడ్డి ఉంటదే. ఎండ పడితే తిండి తయారు జేసుకుంటది. అప్పుడు బుడగలు లేస్తయి, చిటచిట అంటయి. సముద్రం మీద పరిశోధన జేసే సార్లు నీళ్లల్ల మైకు దించి వింటరు. గడ్డి మంచిగున్నదా లేదా గట్ల ఎరుకైతదట. తాడు పట్టేది నేను."

చూపించమంటే, పడవ మీద వీడియో తీయనియ్యరన్నాడు. నాకు అక్కడే గుచ్చుకుంది. చప్పుడు మాత్రం ఫోన్‌కు పంపాడు. మా అత్త చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె బోయినపల్లిలో కల్లు గీసేవాళ్ల ఇంట్లో పుట్టింది. వింటూనే ఆమె ముఖం మారిపోయింది.

"గడ్డి లేదు గిడ్డి లేదు బిడ్డా. గిది పొంగే కల్లు కుండ. నా కొడుకు ఆడ సారా గిట్ల కాస్తున్నడు!"

జగిత్యాల దిక్కు ఒకాయన గల్ఫ్‌లోనే దొంగచాటుగా సారా కాసి జైల్లో పడ్డాడు. ఆయన భార్య ఆఫీసుల చుట్టూ తిరగడం చూసినదాన్ని.

అత్తే ఉపాయం చెప్పింది. "కల్లుకు పగలేంది, రాత్రేంది? చీకట్ల సుత పొంగుతది. పొద్దుగూకినంక వినిపియ్యమను."

దీపం పెట్టే వేళ ఫోన్ చేశాను. ఒడ్డు పక్కనే పడవలో ఉన్నాడు. మైకు చప్పుడు వినిపించమన్నాను. చిటచిటా చిటచిటా! అత్త నెత్తి కొట్టుకుంది.

"అయిపాయె! చీకటి పడ్డా పొంగుతనే ఉంది."

మా ఆయన పకపకా నవ్వాడు. "చీకటి మీకు పడ్డదే. ఈడ ఇంక ఎండ కొడ్తనే ఉన్నది."

"అయితే నీ పొద్దు గూకినంకనే వింట. అప్పటిదాక పడవ దిగకు," అన్నాను.

అక్కడ చీకటి పడ్డాక ఆయనే చేశాడు. ఇద్దరం ఒకే ఫోన్‌కు చెవులు ఆనించాం. నీళ్ల గుబగుబ, నడుమ ఎక్కడో ఒక టిక్కు. అంతే. అత్త ఊపిరి వదిలింది.

"గడ్డే బిడ్డా. కల్లయితే గిట్ల చప్పుడు బంద్ చెయ్యది."

"ఇప్పుడన్న నమ్ముతవా?" అన్నాడు.

"గడ్డిని నమ్మిన. నీ సంగతి ఇంక చూడాలె. తిన్నవా?" అన్నాను.

"తిన్న," అన్నాడు, మరీ తొందరగా.

"ఏం తిన్నవ్?"

"ఇగో, ఇప్పుడు పోయి తింట," అన్నాడు.

మీ వాళ్లు ఎంత దూరంలో ఉన్నా, "తిన్న" అన్న మాట నిజమే కావాలి తల్లీ. మీ ఇల్లు చల్లగుండాలి.